కోయిలకుంట్ల, ఒక రివాల్వరు, బోలెడన్ని కాగితాలు

మాది సీమ అని చెప్తే చాలు, అవతలి మనిషి మొహంలో ఒక రకమైన నవ్వు వస్తుంది. వెంటనే వచ్చే ప్రశ్న, "అయితే మీ ఇంట్లో గన్నులుంటాయా బాసూ?" టీమ్ మారినప్పుడల్లా నాకిది మామూలే. పాపం వాళ్ళని మాత్రం ఏమంటాం? 1999లో సమరసింహారెడ్డి, 2002లో ఆది, ఇంద్ర వచ్చాక గాల్లోకి లేచే సుమోలు లేకుండా మమ్మల్ని ఊహించుకోవడం జనానికి కష్టమైపోయింది.

నిజం చెప్పాలంటే మా వైపు తుపాకి చరిత్ర కాల్పుల చరిత్ర కంటే కాగితాల చరిత్రే ఎక్కువ. తుపాకి ఎవరి దగ్గర వుండొచ్చు, ఎక్కడ పెట్టాలి, ఎన్ని తూటాలు కొనొచ్చు, ఎప్పుడు తీసుకెళ్ళి అప్పజెప్పాలి, ఈ లెక్కలన్నీ రెండొందల ఏళ్ళుగా సర్కారు రాస్తూనే వుంది. రాసే సర్కారు మారింది గానీ లెక్క మారలేదు. ఇది ఊరికే చరిత్ర మీద మోజుతో రాస్తున్నది కాదు. మా ఇంట్లో ఒక రివాల్వరు సంగతి తేల్చాల్సి వచ్చింది. దాని దగ్గరికీ వస్తా. ముందు కోయిలకుంట్ల కథ చెప్పాలి.

తెలియనివాళ్ళకి: కోయిలకుంట్ల నంద్యాల నుంచి జమ్మలమడుగు పోయే దారిలో వుంటుంది. నల్లరేగడి నేల, శనగ పంట, దగ్గర్లోనే కుందూ నది. ఒకప్పుడు కడప జిల్లా, 1858 నుంచి కర్నూలు జిల్లా, 2022 ఏప్రిల్ 4 నుంచి నంద్యాల జిల్లా.

1800లో నిజాం ఈ ప్రాంతాన్ని కంపెనీకి రాసిచ్చేశాడు. అప్పట్నుంచే మనం దత్తమండలాలు అయ్యాం. థామస్ మన్రో కలెక్టరుగా వచ్చేసరికి ఇక్కడ ఎనభై మంది దాకా పాళెగాళ్ళు వున్నారు. ప్రతి ఒక్కరికీ ఒక కోట, కొంత మంది సాయుధులు, పన్ను వసూలు చేసుకునే ఊళ్ళు. మన్రో 1807 దాకా వున్నాడు. ఆ ఏడేళ్ళలో చేసిన పని ఒక్క ముక్కలో చెప్పాలంటే, పాళెగాళ్ళ చేతిలోంచి ఆయుధం తీసి పెన్షన్ పెట్టడం. ఎదురు తిరిగినవాళ్ళ మీదకి సైన్యం వెళ్ళింది. ఒప్పుకున్నవాళ్ళకి నెలనెలా భరణం వచ్చింది. ఊళ్ళకి కాపలా కాసే కట్టుబడి బంట్లకి ఇనాం భూములు వుండేవి. అవి కూడా మెల్లగా కంపెనీ లెక్కల పుస్తకంలోకి చేరాయి.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ఆయుధం వున్నంత కాలం పాళెగాడు బేరమాడే మనిషి. అది పోయాక అర్జీ పెట్టుకునే మనిషి. తేడా అంతా అందులోనే వుంది.

కర్నూలు మాత్రం కొన్నాళ్ళు నవాబు కిందే వుంది. చివరి నవాబు గులాం రసూల్ ఖాన్. 1839లో ఆయన గుట్టుగా ఆయుధాలు పోగేస్తున్నాడని కంపెనీకి అనుమానం వచ్చింది. సైన్యం వచ్చి కోట వెతికితే తుపాకులు, ఫిరంగులు, మందుగుండు బయటపడ్డాయి. అంతఃపురం వైపు కూడా దాచిపెట్టారట. అక్టోబరు 18న జోరాపురం దగ్గర పోరాటం జరిగింది, నవాబు పట్టుబడ్డాడు. తిరుచిరాపల్లి పంపించారు, మరుసటి ఏడాది అక్కడే హత్యకి గురయ్యాడు. కర్నూలు కంపెనీ చేతికి వచ్చేసింది. అంటే అన్ని ఆయుధాలున్నా ఆయనకి రాజ్యం దక్కలేదు సరికదా, ఆ ఆయుధాలే రాజ్యం పోవడానికి సాకు అయ్యాయి.

ఇక అసలు కథ, 1846. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి. 2019లో సైరా వచ్చాక పరిచయం అక్కర్లేదు గానీ, సినిమాలో కత్తులూ గుర్రాలూ చూసినవాళ్ళకి గుర్తుండని అంకె ఒకటి వుంది. ఆయనకి కుటుంబ వాటాగా వచ్చే భరణం నెలకి 11 రూపాయల 10 అణాల 8 పైసలు. నొస్సం పాళెగాడు జయరామిరెడ్డి మనవడి చేతికి మిగిలింది అదీ! కట్టుబడి బంట్ల భూములు పోతున్నాయి, బంధువుల వాటాలు ఆగిపోతున్నాయి, భరణం కోసం కోయిలకుంట్ల తాసిల్దారు చుట్టూ తిరగాల్సిన పరిస్థితి. 1846 జూలైలో ఆయన మనుషులు కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డారు. పట్టుకుపోయిన సొమ్ము 805 రూపాయల 10 అణాల 4 పైసలని లెక్క. దాడి ఎంత పెద్దదైనా కంపెనీ గుమాస్తా పైసలతో సహా రాసుకున్నాడు చూడండి!

ఆయన వెంట బోయలు, చెంచులు, కట్టుబడి బంట్లు నడిచారు. గిద్దలూరు దగ్గర కంపెనీ సైన్యంతో తలపడ్డారు. చివరికి అక్టోబరులో పేరుసోముల కొండల్లో పట్టుబడ్డాడు. దాదాపు వెయ్యి మంది మీద వారంట్లు వేశారు. వాళ్ళలో 112 మందికి శిక్ష పడింది. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో, కలెక్టర్ కాక్రేన్ ఎదుట, వేలమంది చూస్తుండగా ఆయన్ని ఉరి తీశారు. తలని కోట బురుజుకి వేలాడదీశారు. అది 1877 దాకా అక్కడే వుంది. ముప్పై ఏళ్ళు! ఒక తరం మొత్తం ఆ తలని చూస్తూ పెరిగి, పెళ్ళిళ్ళు చేసుకుని, పిల్లల్ని కన్నది.

ఆ మరుసటి ఏడాది, 1878లో, ఆయుధాల చట్టం వచ్చింది. రెండింటికీ సంబంధం వుందని నేననడం లేదు. కానీ నాకు ఆ వరస ఆసక్తిగా అనిపిస్తుంది. భయపెట్టడానికి తల అవసరమైన రోజులు పోయి, కాగితం సరిపోయే రోజులు వచ్చాయి. 1857 తిరుగుబాటు చూసి బెదిరిన సర్కారు అప్పుడే ఒక చట్టం, 1860లో ఇంకోటి చేసింది. 1878లో లిట్టన్ వైస్రాయిగా వున్నప్పుడు దాన్ని దేశమంతా బిగించారు. భారతీయుడి చేతిలో తుపాకి వుండాలంటే లైసెన్సు కావాలి. యూరోపియన్లకి మినహాయింపు! మన దగ్గర లైసెన్సు తుపాకి అంటే గొప్ప అనే భావన పుట్టింది ఇక్కడేనని నా అనుమానం. దొరలకి వున్నది, పెద్ద జమీందార్లకి దొరికింది, మామూలు మనిషికి దొరకనిది. దాంతో అది రక్షణ వస్తువు కంటే హోదా వస్తువు అయిపోయింది.

తుపాకి కావాలి, లైసెన్సు రాదు, అప్పుడేం చెయ్యాలి? మన్యంలో అల్లూరి సీతారామరాజు దానికి సూటి సమాధానం కనిపెట్టాడు. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో వరసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడి 26 తుపాకులు, 2,500 పైచిలుకు తూటాలు తీసుకెళ్ళాడు. తీసుకున్నవాటి వివరం స్టేషన్ రికార్డులోనే రాసి పెట్టాడని చెప్తారు. తుపాకి తీసుకుంటూ రసీదు ఇచ్చిన ఏకైక తిరుగుబాటుదారు మన తెలుగువాడేనేమో :)

స్వాతంత్ర్యం వస్తే ఈ చట్టం పోతుందని చాలామంది ఆశపడ్డారు. 1931 కరాచీ కాంగ్రెస్ తీర్మానంలో, కొన్ని నిబంధనలకి లోబడి ఆయుధం ధరించే హక్కు కూడా పౌరహక్కుల జాబితాలో వుంది. 1948 డిసెంబరులో రాజ్యాంగసభలో హెచ్.వి. కామత్ దాన్ని ప్రాథమిక హక్కుగా చేర్చాలని సవరణ కూడా పెట్టాడు. అంబేద్కర్ ఒప్పుకోలేదు. హక్కు అని రాస్తే నేరాలే వృత్తిగా బతికేవాడికి కూడా అదే హక్కు వస్తుంది కదా అన్నది ఆయన వాదన సారాంశం. అలా అమెరికాలో రాజ్యాంగంలోకి ఎక్కినది, మన దగ్గర కలెక్టరాఫీసులోనే వుండిపోయింది. 1959లో కొత్త చట్టం వచ్చింది, 1962 అక్టోబరు నుంచి అమలైంది. యూరోపియన్ల మినహాయింపు లాంటివి పోయాయి గానీ మూలసూత్రం అదే: తుపాకి నీది, అనుమతి నాది.

సరే, చరిత్ర పాఠం చాలు. ఇవాళ కోయిలకుంట్ల పక్క పల్లెలో లైసెన్సు రివాల్వరు వున్న మనిషి రోజువారీ జీవితం ఎలా వుంటుందో చూద్దాం. ఇది మాత్రం నాకు ఇంట్లో చూసి తెలుసు.

మా జేజినాయన శనగల వ్యాపారం చేసేవాడు. నంద్యాలకి, ప్రొద్దుటూరుకి నోట్ల కట్టలతో తిరగాల్సి వచ్చేది. అవి ఫ్యాక్షన్ రోజులు. 1990ల చివర్లో లైసెన్సు తెచ్చుకుని రివాల్వరు కొన్నాడు. పాయింట్ 32, కాన్పూరు సర్కారు ఫ్యాక్టరీలో తయారైనది. మామూలు మనుషులకి దొరికే చేతి తుపాకుల్లో ఎక్కువ భాగం ఈ సైజువే. 9 ఎం.ఎం. లాంటివి నిషిద్ధ జాబితాలో వుంటాయి, వాటికి ఢిల్లీ అనుమతి కావాలి. ఆయన బతికుండగా ఆ రివాల్వరు ఎవరి మీదా పేలలేదు. కానీ అది ఆయన్ని ఎంత పని చేయించిందో చెప్తా.

మొదటిది, దాచడం. బీరువాలో బట్టల కింద పెడితే కుదరదు. 2016లో వచ్చిన ఆయుధాల నియమాలు తాళం వేసి భద్రంగా పెట్టాలని గట్టిగా చెప్తున్నాయి. నిబంధనలు చెప్పినా చెప్పకపోయినా, పిల్లలున్న ఇంట్లో తూటాలు ఒకచోట, రివాల్వరు ఇంకోచోట, తాళంచెవి మూడోచోట వుండాలి. అలా పెడితే అర్ధరాత్రి దొంగ వచ్చినప్పుడు అక్కరకి రాదు కదా అంటారా? అవును, రాదు. చేతికందేలా పెడితే పిల్లల చేతికీ అందుతుంది. ఈ రెంటిలో ఒకటే దొరుకుతుంది. ఇంటి ఆడవాళ్ళకి ఈ లెక్క బాగా తెలుసు. మా జేజి తాళంచెవి కొంగున కట్టుకుని తిరిగేది.

రెండోది, తీసుకెళ్ళడం. లైసెన్సు ఏ ప్రాంతానికి చెల్లుతుందో దానిమీదే రాసి వుంటుంది. ఇంకో రాష్ట్రానికి పోతే చెల్లకపోవచ్చు. జాతరలకి, దేవుడి ఊరేగింపులకి, సభలకి, స్కూళ్ళూ కాలేజీల ఆవరణలోకి తీసుకెళ్ళకూడదన్నది లైసెన్సు షరతు. మా వైపు ఏడాది పొడుగునా ఏదో ఒక తిరునాళ్ళ వుంటుంది. శివరాత్రికి మహానంది, యాగంటి. సంక్రాంతి నుంచి నెలకి పైగా అహోబిలం నరసింహస్వామి పారువేట పల్లెపల్లెకీ తిరుగుతుంది. దేవుడే వేటకి వస్తాడు, మన తుపాకి మాత్రం ఇంట్లో వుండాలి :) షరతు మీరితే ఆరు నెలల దాకా జైలు, లేదా 2,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. పెళ్ళిలో సరదాకి గాల్లోకి కాల్చి ఇతరుల ప్రాణం మీదికి తెస్తే 2019 సవరణ ప్రకారం రెండేళ్ళ దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ.

మూడోది, తూటాల లెక్క. ఏడాదికి ఎన్ని కొనొచ్చో లైసెన్సులో వుంటుంది, కొన్నవి పుస్తకంలో ఎక్కుతాయి. 805 రూపాయల 10 అణాల 4 పైసలు రాసుకున్న గుమాస్తా వారసులు ఇంకా పని చేస్తూనే వున్నారన్నమాట.

నాలుగోది, ఎన్నికలు. షెడ్యూలు రాగానే స్క్రీనింగ్ కమిటీ కూర్చుని ఎవరెవరి ఆయుధాలు జమ చేయించుకోవాలో తేలుస్తుంది. ఫలితాలు వచ్చిన వారం తర్వాత తిరిగి ఇస్తారు. చాలా ప్రాంతాల్లో కొందరివే తీసుకుంటారు గానీ, మా జేజినాయనది మాత్రం ప్రతిసారీ స్టేషన్‌కి పోయింది. అసెంబ్లీ, పంచాయతీ, ఏదైనా సరే. తమాషా ఏంటంటే, మా వైపు గొడవలు అయ్యేది సరిగ్గా ఎన్నికలప్పుడే. అంటే ఏ రోజుల కోసం తుపాకి కొన్నాడో ఆ రోజుల్లో అది స్టేషన్లో వుండేది. జేబులో రసీదు వుండేది.

ఇందులో సర్కారుని తప్పు పట్టడానికేం లేదు. ఎన్నికల రోజు ప్రతి ఒక్కరి నడుముకీ ఒకటి వుంటే ఏమవుతుందో మాకంటే ఎవరికి తెలుసు? పోనీ తుపాకి నిజంగా కాపాడుతుందా అంటే, 2005 జనవరి 24న అనంతపురంలో పరిటాల రవి పట్టపగలు, సొంత పార్టీ ఆఫీసు ఆవరణలో హత్యకి గురయ్యాడు. గన్‌మెన్ కాపలా వున్న నాయకుడు ఆయన. ప్లాను వేసుకుని వచ్చేవాడికి మొదటి క్షణం ఎప్పుడూ చేతిలో వుంటుంది. మన చెయ్యి నడుము దగ్గరికి పోయేలోపు అయిపోతుంది.

ఒకవేళ సమయానికి చేతికి వచ్చిందే అనుకోండి. ఆత్మరక్షణ హక్కు వుంది, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా సెక్షన్లు దానికోసమే. కానీ ప్రాణభయం లాంటి కొన్ని పరిస్థితుల్లో, అదీ అవసరమైనంత మేరకే. దొంగ వెనక్కి తిరిగి పారిపోతుంటే వీపులో కాల్చడానికి లైసెన్సు కాదది. అర్ధరాత్రి చీకట్లో ఆ తేడా క్షణంలో తేల్చుకోవాలి. ఆ తర్వాత ఏళ్ళ తరబడి కోర్టులో వివరించాలి.

ఐదోది ఎవ్వరూ మాట్లాడనిది. 1993లో అమెరికాలో ఆర్థర్ కెల్లర్‌మన్ బృందం న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక అధ్యయనం వేసింది. తుపాకి వున్న ఇళ్ళల్లో, ఆ ఇంట్లోనే హత్య జరిగే ప్రమాదం ఎక్కువగా కనిపించింది. చాలా వరకు బయటి దొంగ వల్ల కాదు, ఇంటి మనిషో తెలిసినవాళ్ళో చేసినవి. దాని మీద వాదోపవాదాలు చాలా జరిగాయి. కానీ అమెరికాలో తుపాకి చావుల్లో సగానికి పైగా ఆత్మహత్యలన్న మాట మీద వాదన లేదు. మా వైపు అప్పుల్లో వున్న రైతు ఇంట్లో పురుగుమందు డబ్బా కళ్ళ ముందు పెట్టొద్దని పెద్దవాళ్ళు ఎందుకు చెప్తారో అందరికీ తెలుసు. ఆ ఒక్క రాత్రి గడిస్తే మనిషి నిలబడతాడు. పురుగుమందు తాగినవాణ్ణి ఆసుపత్రికి తీసుకుపోయే టైమన్నా వుంటుంది. రివాల్వరు ఆ టైము కూడా ఇవ్వదు.

ఇప్పుడు మా ఇంటి సంగతి. జేజినాయన పోయాడు. లైసెన్సు మనిషితోనే పోతుంది, ఆయుధం వెంటనే స్టేషన్లోనో లైసెన్సున్న డీలరు దగ్గరో జమ చెయ్యాలి. చేశాం. వారసుడికి లైసెన్సు ఇవ్వడానికి 2016 నియమాల్లో దారి వుంది. మిగతా వారసులు అభ్యంతరం లేదని రాసివ్వాలి, పోలీసు విచారణ మామూలే, లైసెన్సు వస్తే ఐదేళ్ళకోసారి రెన్యువల్. ఇంట్లో అందరి వేలూ నా వైపే చూపించింది. ఆన్‌లైన్ ఫారాలు నింపేది నేనే కాబట్టి!

మా చిన్నాయన ఒకటే పట్టు. "రేయ్ అబ్బోడా, ఇరవై ఏండ్లకు పైన ఆ ఇంట్లో తుపాకి ఉండె. ఇప్పుడు లేదంటే ఊర్లో ఏమనుకుంటారు? పేరు రాపిచ్చుకో, బీరువాలో పడుంటాది."

"చిన్నాయనా, జేజినాయన ఎన్నిసార్లు కాల్చినాడు చెప్పు?"

"కాల్చేదానికా ఏంది రా? ఉందని తెలిస్తే చాలు."

ఆయన మాటని నేను తేలిగ్గా తీసెయ్యలేదు. "ఉందని తెలిస్తే చాలు" అన్న మాటలో చాలా చరిత్ర వుంది. పాళెగాడి బలం కూడా సగం అదే. ఊళ్ళో పెద్దరికం, పంచాయితీలో మాట చెల్లడం, అర్ధరాత్రి ఎవడూ గేటు తట్టకపోవడం, ఇవన్నీ ఉందని తెలియడం వల్లే వచ్చాయని మావాళ్ళ నమ్మకం. కానీ ఎదుటివాడికి ఉందని తెలిస్తే వాడు ఊరుకుంటాడా? వాడూ ఒకటి తెచ్చుకుంటాడు. లైసెన్సు రాకపోతే నాటు తుపాకి, అదీ లేకపోతే నాటుబాంబు. ఫ్యాక్షన్ అంతా ఈ పోటీనే కదా. మా జేజినాయన తరం ఆ పోటీలో బతికి బయటపడింది. బతకనివాళ్ళ ఇళ్ళు కూడా అదే వీధుల్లో వున్నాయి. ఆ ఇళ్ళల్లోనూ తుపాకులు లేక కాదు.

ఇంకో మాట. నేనుండేది హైదరాబాదులో. రివాల్వరు అక్కడ, దాని బాధ్యత నా పేరు మీద. తాళంచెవి ఎవరి దగ్గర? ఎన్నికలొస్తే స్టేషన్‌కి ఎవరు తీసుకుపోతారు? వేరేవాళ్ళు పట్టుకుపోతే వాళ్ళకి లైసెన్సు ఏది? పిల్లోడెవడో బీరువా తెరిస్తే సమాధానం చెప్పేది ఎవరు? ఈ ప్రశ్నలన్నీ కాగితం మీద రాసి చిన్నాయనకి ఇచ్చాను. ఆయన చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఏమీ అనలేదు.

నేను అప్లై చెయ్యడం లేదు. చట్టప్రకారం డీలరు ద్వారా అమ్మేసే ఏర్పాటు చేస్తున్నాం. మా నాయన సరేనన్నాడు. చిన్నాయన ఇంకా ముభావంగానే వున్నాడు, పండక్కి వెళ్ళినప్పుడు మాట్లాడాలి.

లైసెన్సు పెట్టుకోవాలనుకునే మిత్రులకి నేను చెప్పేదొక్కటే. కొనేముందు తుపాకి మనల్ని ఎన్ని రోజులు కాపాడుతుందో, దాన్ని మనం ఎన్ని రోజులు కాపాడాలో లెక్క వేసుకోండి. మా జేజినాయన ఇరవై ఏళ్ళకి పైగా దాన్ని కాపాడాడు. మొదటి లెక్కలో మాత్రం మాకు ఒక్క రోజు కూడా తేలలేదు. అలాంటి రోజు ఒక్కటన్నా వచ్చిన ఇళ్ళు మా వైపు వుండే వుంటాయి, వాళ్ళ లెక్క వేరు. అలాంటి అనుభవం మీ ఇంట్లో వుంటే చెప్పండి, మా చిన్నాయనకి చదివి వినిపిస్తా.